గుక్క తిప్పుకునేంత సేపు

ఆ గొంతంటే అతనికి ఒళ్ళు మంట. మనిషిని చూడకముందే మంట.

మిలిటరీ ఆస్పత్రిలో అతను గొంతు థెరపిస్టు. మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే పని. అలాంటి గదికి నిశ్శబ్దం కావాలి కదా. దాన్నేమో ఎవరో మహానుభావుడు పరేడ్ గ్రౌండ్ గోడకి ఆనించి కట్టించాడు. పొద్దెక్కీ ఎక్కకముందే గోడ అవతలి నుంచి ఒక ఆడగొంతు లేచేది. "స్క్వాడ్..." అని సాగదీసి, కాస్త ఆగి, "హాల్ట్" అని విరిచేసేది. వెంటనే అన్ని బూట్లూ ఒక్కటై నేలని గుద్దేవి. అతని టేబుల్ మీద టీ కప్పు సాసర్లో గలగలలాడేది. పక్షవాతంతో మాట పోయిన ముసలి కల్నల్ ఒకాయన, పాపం, ఆ కేక వినగానే చక్రాల కుర్చీలోనే నిటారుగా అయిపోయేవాడు.

అసలు డ్రిల్ అంటేనే అతనికి పడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరితోపాటు అతనూ కవాతు నేర్చుకోవాల్సి వచ్చింది. కంగారు పుడితే అతనికి ఎడమ కాలుతోపాటు ఎడమ చెయ్యే ముందుకెళ్ళేది. ఎంత తిట్టినా అంతే. అప్పటి మాస్టారు గ్రౌండంతా వినేలా, "ఒంటెలు కూడా సైన్యంలో చేరుతున్నాయిరోయ్" అన్నాడు. ఒకవైపు కాళ్ళు రెండూ కలిపి వేసేది ఒంటె కదా. ఆ పేరు ఆస్పత్రి దాకా వెంట వచ్చింది. ఇప్పటికీ వార్డు బాయ్‌లు చాటుగా ఒంటెగారనే అంటారు.

ఒకరోజు ఇక ఓపిక పట్టలేక గేటు దాటి గ్రౌండ్‌లోకి వెళ్ళాడు. వాన వెలిసి నేలంతా చిత్తడిగా ఉంది. ఆ బురదలో ఒక్క మరకైనా అంటని బూట్లతో ఒకావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి. అంత గొంతు అంత మనిషిలో ఎక్కడ పట్టిందో అనుకున్నాడు. రిక్రూట్లు ఆవిణ్ణి వెనకాల సైరన్ అంటారని తర్వాత తెలిసింది.

"సార్జెంట్ గారూ, గోడ అవతల ఆస్పత్రి ఉందని మీకెవరైనా చెప్పారా?" అన్నాడు.

"చెప్పారు. నిద్ర లేవనివాళ్ళు అటు, లేచినవాళ్ళు ఇటు ఉంటారని చెప్పారు" అందామె, తల కూడా తిప్పకుండా.

రిక్రూట్లు నవ్వు బిగబట్టుకున్నారు. అతను ఒంటికాలి మీద లేవాల్సిన సమయం అది. కానీ లేవలేదు. దగ్గర్నుంచి విన్నాక ఆ గొంతులో ఏదో తేడా తగిలింది. కేకేసినప్పుడు తెలియదు గానీ, మామూలుగా మాట్లాడితే మాట అడుగున చిన్న గరగర. రాళ్ళ మీద బకెట్ ఈడ్చినట్టు.

"ఈ బొంగురు ఎన్నాళ్ళ నుంచి?"

"గొడవకొచ్చారా, వైద్యానికొచ్చారా? ఏదో ఒకటి తేల్చుకోండి."

"గొడవకే వచ్చాను. కానీ ఒకసారి గొంతు చూపించుకోండి."

ఆమె మొదటిసారి అతని వంక తిరిగి చూసింది. అతను వెనక్కి వెళ్తుంటే ఏ చెయ్యి ఏ కాలుతో కదులుతోందో తనకే తెలుస్తూ ఉంది. వెనక నవ్వులు వినిపించాయి.

ఆమె గొంతు చూపించుకోవడానికి రాలేదు. వాష్ బేసిన్లో నెత్తురు ఉమ్మిన రోజున మాత్రం వచ్చింది.

సర్జన్ పెద్దాయన. నీళ్ళు నమిలే మనిషి కాదు. గొంతులో పుండు కాదు, క్యాన్సరే అన్నాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ఆ తర్వాత సొంత గొంతు ఉండదు, మెడకి పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకోవాలి. మాట కావాలంటే మెడకి ఆనించుకునే చిన్న యంత్రం ఉంది, అది వాడటం థెరపిస్టు నేర్పుతాడు. ఆపరేషన్ వెంటనే చేస్తే మంచిదని ఆయన అన్నాడు. తన బ్యాచ్ పాసింగ్ అవుట్ పరేడ్ అయ్యాక చేయించుకుంటానని ఆమె అంది. చాలాసేపు వాదించి చివరికి ఆయనే దిగొచ్చాడు. ఒకే షరతు: అప్పటిదాకా గొంతెత్తకూడదు. ఒక్కసారి గట్టిగా అరిస్తే లోపల నరం తెగి, నెత్తురు నిండి ఊపిరి గొట్టం మూసుకుపోవచ్చు.

అలా ఆ సైరన్ గ్రౌండ్‌లో చేతి సైగలతో నెట్టుకొస్తూ, అతని గదిలో రోజూ నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

పిల్లలు రాసుకునే చిన్న తెల్లబోర్డు ఒకటి ఇచ్చాడు. మొదటిరోజే దాని మీద పెద్ద అక్షరాలతో ఆమె రాసింది: "మీరేనట ఒంటె?"

"ఎవరు చెప్పారు?"

"నడక చెప్పింది."

ఆపరేషన్ తర్వాత ఊపిరి ఎలా తీయాలో, మెడ కండరాలు ఎలా సడలించాలో అతను నేర్పాలి. నేర్పేవాడు. ఆమె విసుక్కుంటూ నేర్చుకునేది. విసుగుని కూడా బోర్డు మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి అతని మొహం ముందు పెట్టేది. క్లాసు అయ్యాక లేచి, నెమ్మదిగా, ఒక్క మాట లేకుండా, అతనికి నడక నేర్పేది. కుడి చెయ్యి పట్టుకుని ముందుకి లాగేది, ఎడమ కాలు మీద బూటుతో చిన్నగా తట్టేది. గది ఆ గోడ నుంచి ఈ గోడకి ఎంత ఉంటుందని. అంతలోనే అతను రెండుసార్లు తప్పేవాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాక తప్పులు ఇంకా పెరిగాయి. ఎందుకో ఆమెకి తెలుసు. తెలియనట్టు బోర్డు మీద "శుద్ధ మొద్దు" అని రాసి చూపించేది.

నవ్వుతూనే ఉండేవాళ్ళు. నవ్వులు అయిపోయాక గది ఒక్కసారిగా చిన్నదైపోయేది. ఆమె చెయ్యి తన మెడ మీదకి వెళ్ళేది. అతను ఆ చేతి వంక చూడకుండా ఫైళ్ళు సర్దుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అడిగేశాడు. ముందు ఏవో రెండు మాటలు అనుకున్నాడు గానీ అవి రాలేదు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు, మందు వేసుకున్నారా అని అడిగినట్టు.

ఆమె మార్కర్ మూత తీసింది. అతను బోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాసి కాదు. మీ నోటితో వినాలి. అవునన్నా, కాదన్నా."

ఆమె మూత మళ్ళీ పెట్టేసింది. తర్వాత గుసగుసగా, గాలి ఎంతో మాట అంతే అన్నట్టు, "పరేడ్ అయ్యాక. ఒక్క మాట దాచి ఉంచుతాను" అంది.

ఆ ఒక్క మాట కోసం అతను ఏమైనా చేసేవాడు. చేశాడు కూడా. అక్కడే చిక్కొచ్చింది.

పరేడ్ రోజు స్క్వాడ్‌ని తనే నడిపించాలని ఆమె పట్టు. సర్జన్‌కి మాటివ్వడం వేరు, గ్రౌండ్ వేరు. అది తెలిసి అతను ఆమెకి చెప్పకుండా కమాండెంట్ దగ్గరికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాటి నుంచి ఆమె స్థానంలో ఇంకో డ్రిల్ మాస్టర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, అందరూ పెట్టిన పేరు ఉరుము. పేరుకి తగ్గ గొంతు.

ఆమె థెరపీకి రావడం మానేసింది.

మొదటి రిహార్సల్ అతను కిటికీలోంచి చూశాడు. మతిపోయింది. ఉరుము "హాల్ట్" అంటే స్క్వాడ్ ఆలస్యంగా ఆగింది. "ఆర్మ్స్" అంటే ఆలస్యంగా తుపాకులెత్తింది. ఒకరో ఇద్దరో కాదు, మొత్తం బ్యాచ్, అందరూ కలిసి ఒక్కలాగే ఆలస్యం. ఉరుము గొంతు చించుకున్నాడు, గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించాడు. మళ్ళీ అంతే. ఇలాగే ఉంటే ఈ బ్యాచ్‌ని పరేడ్‌లో నిలబెట్టేది లేదని, ఇంకో విడత శిక్షణకి వెనక్కి పంపుతానని కమాండెంట్ అందరి ముందూ అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె తలుపు తోసుకుని వచ్చింది. బోర్డు తేలేదు.

"నా పిల్లలు సర్వనాశనమైపోతున్నారు. సంతోషమేనా?" అంది. ఆ గుసగుసకే దగ్గొచ్చింది. దగ్గాక చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది, అతనికి కనపడకుండా. కనపడింది.

మర్నాడు అతను కళ్ళు మూసుకుని రిహార్సల్ విన్నాడు. చూడటం అతని పని కాదు, వినడమే అతని పని. డ్రిల్ ఆజ్ఞలో రెండు భాగాలుంటాయి. మొదటిది హెచ్చరిక, రెండోది కదలమనే మాట. రెంటికీ మధ్య ఒక చిన్న ఖాళీ. ఉరుము ఆ ఖాళీని టక్కున దాటేస్తున్నాడు. అదే పద్ధతి, అందరూ అంతే. కానీ ఈ పిల్లల ఒళ్ళు ఇంకా పెద్ద ఖాళీకి అలవాటు పడింది. ఆమె "స్క్వాడ్" అన్నాక ఆగేది. ఎందుకాగేది? గొంతులో ఊరినదాన్ని మింగడానికి. మింగాక నొప్పి తగ్గేదాకా ఓర్చి, ఊపిరి కూడదీసుకుని, అప్పుడు "హాల్ట్" అనేది. నెలల తరబడి ఆ ఖాళీ ఇంతింతై పెరిగింది. ఆమెకీ తెలియలేదు, పిల్లలకీ తెలియలేదు. వాళ్ళు ఆమె జబ్బుని కవాతుతోపాటు నేర్చేసుకున్నారు.

తెల్లారుతూనే తన చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టుకున్న గొంతు అది. వినడమే బతుకైన మనిషికి అన్నాళ్ళు ఆ ఆగడం వినపడలేదు.

ఉరుము దగ్గరికి వెళ్ళి ఆజ్ఞ ఎలా ఇవ్వాలో తను చూపిస్తానన్నాడు. ఆయన పైనుంచి కిందికి చూశాడు.

"ఒంటెగారూ, నాకు డ్రిల్ మీరు నేర్పుతారా?"

"డ్రిల్ కాదు. గుక్క నేర్పుతాను."

ఉరుము ఒప్పుకున్నది అతని మీద గౌరవంతో కాదు, వేరే దారి లేక. ఖాళీ గ్రౌండ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. స్క్వాడ్ అనండి. ఇప్పుడు మింగండి. తొందరపడకండి, గాజుపెంకు మింగుతున్నట్టు మింగండి. తగ్గేదాకా ఉండండి. ఊపిరి తీయండి. ఇప్పుడు చెప్పండి. ఆ మహాకాయుడు నానా తిప్పలు పడ్డాడు. చిన్నప్పటి నుంచి అరవడమే గాని ఆగడం తెలియని మనిషి. అతను కూడా వదల్లేదు, చెయ్యెత్తి పట్టుకుని, దింపినప్పుడే మాట వదలమన్నాడు. రెండురోజులు పోయాక స్క్వాడ్‌ని నిలబెట్టి అలాగే ఆజ్ఞ ఇచ్చాడు ఉరుము. బూట్లన్నీ ఒక్క దెబ్బగా పడ్డాయి.

ఉరుము పొంగిపోలేదు. స్క్వాడ్‌ని పంపించేసి, టోపీ తీసి, "రోజూ ఇలాగే మింగేదా ఆవిడ? ప్రతి మాటకీనా?" అని అడిగాడు.

"ప్రతి మాటకీ."

"ఏం మింగేది?"

"చివర్లో అయితే నెత్తురే."

ఆ పెద్దమనిషి టోపీని చేతుల్లో తిప్పుతూ నేల చూస్తూ ఉండిపోయాడు.

ఆమె మైదానం చివర నిలబడి అంతా చూస్తూనే ఉంది. అతను దగ్గరికి వెళ్ళాడు. మెచ్చుకుంటుందని ఎక్కడో ఆశ. పిల్లలు గట్టెక్కారు, ఆమె అరవక్కర్లేదు, ఇంకేం కావాలి అనుకున్నాడు.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గొంతు ఎలాగూ పోతుంది. వాళ్ళు నా దగ్గర నేర్చుకున్నదాంట్లో నాదంటూ మిగిలింది ఆ నొప్పి ఒక్కటే. దాన్ని కూడా తీసి ఆయనకిచ్చేశావు కదా" అంది.

మొదటిసారి నువ్వు అంది. అది కూడా అతను తర్వాతే గమనించాడు.

పరేడ్ రోజున ఎండ మండిపోతోంది. కుటుంబాలు కూర్చునే వరసలో ఆమె పూర్తి యూనిఫాంలో కూర్చుంది. పక్కన వాళ్ళమ్మ, ఆ పక్కన అతను. అమ్మ పెళ్ళిళ్ళకి జాకెట్లు కుట్టే మనిషి, ఇట్టే కలిసిపోయే రకం. ఇది పుట్టి కేరుమన్నప్పుడు మూడు వీధులు లేచి కూర్చున్నాయి బాబూ అని చెబుతూ నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

ఉరుము అద్భుతంగా నడిపించాడు. ప్రతి ఆజ్ఞకీ మింగాడు. స్క్వాడ్ అంతా ఒక్క ఒళ్ళై తిరిగింది. కమాండెంట్ మొహం కూడా విచ్చుకుంది.

ఇక మిగిలింది ఒకటే ఆజ్ఞ. డిస్మిస్. ఆ శిక్షణ కేంద్రంలో ఒక ఆనవాయితీ ఉంది. మొదటిరోజు పాదం ఎలా పెట్టాలో నేర్పినవాళ్ళే ఆ చివరి మాట చెప్పాలి. అది వినేదాకా వాళ్ళు రిక్రూట్లే, విన్నాక సైనికులు. ఉరుము దాన్ని చెప్పలేదు. నాలుగడుగులు పక్కకి వేసి, కుటుంబాల వరస వైపు తిరిగి, సెల్యూట్ చేసి అలా ఉండిపోయాడు.

ఆమె లేచింది.

ఆ వరస ఇరుకు. బయటికి వెళ్ళాలంటే అతని మోకాళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. ఆమె అక్కడికొచ్చి ఆగింది. అతను వైద్యం చేసే మనిషి, ఆపే హక్కు ఉంది. చెయ్యి పట్టుకుంటే చాలు. అందరూ అర్థం చేసుకుంటారు, సర్జన్ మెచ్చుకుంటాడు, తన కోసం దాచిన మాట తనకి దక్కుతుంది. ఆమె అతని కళ్ళలోకి చూసి ఎదురుచూసింది.

అతను మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చాడు.

ఆమె వెళ్ళి స్క్వాడ్ ఎదురుగా నిలబడింది. మొదటి సగం చెప్పింది. "డిస్..." గోడ అవతల టీ కప్పు వణికించే అదే గొంతు, ఏ గరగరా లేదు. తర్వాత ఆగింది. ఎప్పుడూ ఆగనంత సేపు ఆగింది. ఎవరూ కదల్లేదు. ఆమె మింగడం అతనికి అంత దూరం నుంచీ కనిపించింది. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళ మీది సూదిపోట్లు గరుగ్గా తగులుతున్నాయి.

"మిస్."

మాట మధ్యలో చినిగింది. బూట్లు మాత్రం ఒక్క దెబ్బగా పడ్డాయి. ఆమె సెల్యూట్ దించి, వెనక్కి తిరిగి, నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. అప్పటికే అతను పరిగెడుతున్నాడు.

ఆపరేషన్ అదేరోజు చేయాల్సి వచ్చింది. కనిపించినంత మేరా తీసేశానని, మళ్ళీ రాదని మాత్రం హామీ ఇవ్వలేనని సర్జన్ చెప్పాడు.

ఆమె అతన్ని చూడటానికి ఒప్పుకోలేదు. యంత్రం వాడటం ఇంకో థెరపిస్టు నేర్పాలని రాసిచ్చింది. ఆ ఆస్పత్రిలో ఇంకో థెరపిస్టు లేడు. దాంతో యంత్రం తీసుకుని తనే బాత్రూంలో తలుపేసుకుని సాధన చేస్తోందని అమ్మ చెప్పింది. సీసాలో పడ్డ తుమ్మెదలా ఉందట ఆ చప్పుడు. ఆ గొంతు తనకే అసహ్యంగా ఉందని, అతను పాత గొంతునే గుర్తుపెట్టుకోవాలని ఏడుస్తోందట.

"దాని సంగతి నీకు తెలియంది కాదు. ఎన్నాళ్ళుంటుందో కూడా తెలియదు. నువ్వు వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను నాయనా" అంది అమ్మ.

అతను తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మెడకి కట్టు, కట్టు మధ్యలోంచి ఊపిరి. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నాకు కోపంగా ఉంది. దారిచ్చింది నేనే, అయినా కోపమే. ఆ ఒక్క మాట నాకిస్తానన్నారు. వాళ్ళకిచ్చేశారు" అన్నాడు. "అది విన్నాక మాత్రం, నాకిచ్చుంటే తప్పయ్యేదనిపించింది. రెండూ నిజమే. ఈ రెండూ పెట్టుకుని ఇంట్లో కూర్చోలేక వచ్చాను."

ఆమె లేచి కూర్చుంది. దిండు కింద నుంచి యంత్రం తీసి, మెడ పక్కన సరైన చోటు కోసం రెండుసార్లు వెతుక్కుంది. అతని వేళ్ళు సాయానికి లేచాయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

యంత్రం బుర్రుమంది. ఆ బుర్రులోంచి మాటలు వచ్చాయి, ఒకదాని పక్కన ఒకటి, పైకీ లేవవు, కిందికీ దిగవు.

"ఇక ఇదే గొంతు. పొద్దున లేస్తే ఇదే. పోట్లాడితే ఇదే. పోయేదాకా ఇదే."

"ఒకసారి పోట్లాడి చూపించు."

"శుద్ధ మొద్దు. పరమ మొండి. చాడీకోరు."

తిట్టూ పేపరు చదివినట్టే ఉంది. అతను ఆపుకోలేక నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్ళు నీళ్ళతో నిండాయి, నోరు తెరుచుకుంది, అందులోంచి ఏ చప్పుడూ రాలేదు. అతను ఆ నవ్వు చూస్తూ చూస్తూ ఏడ్చేశాడు. తలుపు దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఆమె అతని మొహం తుడిచింది. యంత్రం మళ్ళీ మెడకి ఆనించుకుంది.

"చేసుకుందాం" అంది.

అది ఆజ్ఞో, బతిమాలడమో, భయమో, ప్రేమో ఆ గొంతులో ఏమీ తెలియలేదు. ఎవరి మనసునైనా గొంతు విని చెప్పగలనని ఇన్నాళ్ళూ అనుకున్న మనిషికి చెవులు ఎందుకూ పనికిరాలేదు. అతను తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. అన్నీ అక్కడే ఉన్నాయి.